డ్యూటీలో లేని పోలీసును తోటి పోలీసే కాల్చకుండా ఉండాలంటే శిక్షణ ఎలా ఉండాలి?

సుభద్ర_ఎడిసన్:
అందరికీ నమస్కారం. నేను ఎక్కువగా వంటల విభాగంలోనే రాస్తుంటాను, ఈసారి వేరే విషయం. మా అబ్బాయికి ఇరవై నాలుగేళ్లు, ఇక్కడే న్యూజెర్సీలో పుట్టి పెరిగాడు. ఇంకో మూడు వారాల్లో పోలీస్ అకాడమీ పూర్తవుతుంది. పోలీసునవుతానని వాడు చెప్పినప్పుడు మా ఆయన నెల్లాళ్లు వాడితో మాట్లాడలేదు. ఇప్పుడు వాడి యూనిఫాం ఇస్త్రీ చేసేది ఆయనే.

పోయిన ఆదివారం భోజనాల దగ్గర వాడొక మాట చెప్పాడు. డ్యూటీలో లేనప్పుడు నీ చేతిలో తుపాకీ ఉండి, వెనక నుంచి "పోలీస్, కదలొద్దు" అని వినబడితే ఆ క్షణానికి నువ్వు పోలీసువన్న సంగతి మర్చిపో, అవతలివాడికి నువ్వొక తుపాకీ పట్టుకున్న మనిషివి, అంతే. ఇన్‌స్ట్రక్టర్ ఇలా చెప్పారట. వాడు ఆ మాట చెప్పేసి పప్పు కలుపుకున్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దొంగ కాలుస్తాడేమోనన్న భయానికి మనసును ఎప్పుడో సిద్ధం చేసుకున్నాను. తోటివాడే కాల్చే ప్రమాదం ఉంటుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

ఇలా నిజంగా జరుగుతుందా? దీనికోసం అకాడమీల్లో ఏం నేర్పుతారు? అది సరిపోతుందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

బ్రూక్లిన్_శీను:
జరుగుతుంది అక్కా. మీకు దాచి చెప్పడం మంచిది కాదు.

2009 మే 28 రాత్రి. న్యూయార్క్ పోలీసు ఒమార్ ఎడ్వర్డ్స్, వయసు 25. ఈస్ట్ హార్లెంలో డ్యూటీ దిగి మామూలు బట్టల్లో తన కారు దగ్గరికి వెళ్తే, ఒకడు కారులో దూరి వెతుకుతున్నాడు. పెనుగులాటలో వాడు తప్పించుకుని పరుగెత్తాడు, ఎడ్వర్డ్స్ తుపాకీ తీసి వెంటపడ్డాడు. అదే సమయానికి మఫ్తీలో ఉన్న పోలీసులు కారులో అటువైపు వచ్చారు. వాళ్లకు కనబడింది తుపాకీతో పరుగెత్తుతున్న ఒక నల్లజాతి యువకుడు. ఆగమని కేక వేశారు. అతను తుపాకీ చేతిలో ఉండగానే వాళ్ల వైపు తిరిగాడని తర్వాత చెప్పారు. ఒక పోలీసు ఆరు రౌండ్లు కాల్చాడు. అతని ఒంటి మీద పోలీస్ అకాడమీ టీ షర్ట్ ఉందని బట్టలు కత్తిరించాక గాని తెలియలేదు. అప్పటికి పెళ్లయి కొన్ని వారాలే. ఇద్దరు చిన్న పిల్లలు.

అంతకు ముందు ఏడాది, 2008 జనవరిలో, న్యూయార్క్ రాష్ట్రంలోనే మౌంట్ వెర్నాన్ అనే ఊరి పోలీసు క్రిస్టఫర్ రిడ్లీ దగ్గర్లోని వైట్ ప్లెయిన్స్‌లో ఒక దాడిని ఆపబోయి కౌంటీ పోలీసుల తుపాకులకు బలయ్యాడు. వయసు 23. అతనూ డ్యూటీలో లేడు, అతనూ నల్లజాతివాడే.

ఈ రెండు చావుల తర్వాత అప్పటి న్యూయార్క్ గవర్నర్ డేవిడ్ పాటర్సన్ ఒక టాస్క్‌ఫోర్స్ వేశారు. అప్పట్లో హార్వర్డ్‌లో పనిచేసిన క్రిస్టఫర్ స్టోన్ దానికి అధ్యక్షుడు. 2010 మేలో నివేదిక ఇచ్చారు. ముప్పై ఏళ్లలో అమెరికా మొత్తం మీద ఇలా నేరస్థులనుకుని తోటి పోలీసులు చంపినవాళ్లు 26 మంది. అంకె చిన్నదే అనిపిస్తుంది. కానీ 1982 తర్వాత డ్యూటీలో లేనప్పుడు ఇలా చనిపోయిన పదిమందిలో తొమ్మిదిమంది నల్లవాళ్లు లేదా లాటినోలు. ఈ అంకె చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

సుభద్ర_ఎడిసన్:
పదిలో తొమ్మిదా? మా వాడూ చామనఛాయే శీనూ. గడ్డం కూడా పెంచుతాడు.

చారి_హౌస్టన్:
అమ్మా, నా అభిప్రాయం సూటిగా చెబుతాను. డ్యూటీలో లేని పోలీసు జోక్యం చేసుకోకూడదు. 911కి ఫోన్ చేసి, మనిషి పోలికలు చెప్పి, మంచి సాక్షిగా నిలబడాలి. 2004లో వచ్చిన ఫెడరల్ చట్టం వల్ల పోలీసులు, రిటైరైన పోలీసులు కూడా దాదాపు దేశమంతా తుపాకీ దాచుకుని తిరగవచ్చు. అంటే సొంత ఊరు కాని ఊళ్లో, తన ముఖం ఎవరికీ తెలియని చోట తుపాకీ బయటికి తీసే అవకాశం పెరిగింది. తీయకపోతే ఈ సమస్యే రాదు.

రిటైర్డ్_సీఐ:
చారిగారూ, మీరు చెప్పింది సగం వరకు ఒప్పుకుంటాను. కళ్ల ముందు ఎవడో ఒకరిని పొడుస్తుంటే ఫోన్ తీసి పోలికలు చెప్పే పోలీసును నేను ముప్పై మూడేళ్ల సర్వీసులో చూడలేదు. చెయ్యి ఆగదు. అందుకే చెయ్యి ఆగని మనిషికి ఏం నేర్పాలో అది ఆలోచించాలి.

నా అనుభవం చెబుతాను. అమెరికా తుపాకీకీ మా లాఠీకీ తేడా ఉందని తెలుసు, కానీ జరిగిన తీరు ఒకటే. 1993లో ఒక జాతర బందోబస్తు. నేను కొత్తగా వచ్చిన ఎస్సైని, క్రైమ్ పార్టీతో మఫ్తీలో ఉన్నాను. లుంగీ, బనీను, మెడలో తువ్వాలు. రాత్రి పదకొండు దాటాక ఒకడు ఒకావిడ మెడలో గొలుసు తెంపాడు. వాడి వెంటపడ్డాను. వాడు కత్తి తీస్తే మణికట్టు విరిచి లాక్కున్నాను. కత్తి నా చేతిలోకి వచ్చింది, వాడు జనంలోకి జారిపోయాడు. అదే క్షణంలో పక్క జిల్లా నుంచి బందోబస్తుకు వచ్చిన యూనిఫాం వాళ్లు నలుగురు నా వెనక ఉన్నారు. "ఏయ్, పడెయ్!" అన్న కేక వినబడింది. నేను ఎస్సైనిరా అంటూ కత్తితోనే వెనక్కి తిరిగాను.

ఆ తిరగడమే తప్పయింది. మొదటి దెబ్బకు ఎడమ జబ్బ పైన ఎముక విరిగింది. నేను ఎస్సైనని మూడుసార్లు అరిచాను. జాతరలో తాగినవాడు కూడా అదే అంటాడు కదా. మా హెడ్ కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చి నా మీద పడుకుంటే గాని ఆగలేదు. ఆయన వీపు మీద కూడా రెండు పడ్డాయి.

కొట్టిన కుర్రాడు మర్నాడు బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వచ్చి ఏడ్చాడు. వాణ్ని నేను తప్పు పట్టలేదు. వాడికి నా ముఖం ఎవరూ చూపించలేదు.

ఆ తర్వాత నేను ఎక్కడ పనిచేసినా పెద్ద బందోబస్తు అంటే రోల్ కాల్‌లో మఫ్తీ వాళ్లను ముందు వరుసలో నిలబెట్టి, యూనిఫాం వాళ్లందరూ ఒక్కొక్కరి ముఖం చూసేలా నడిపించేవాణ్ని. కుడి మణికట్టుకు చేతిరుమాలు కట్టించేవాణ్ని, ఏ రోజు ఏ రంగో పొద్దున్నే చెప్పేవాణ్ని. రంగు రోజూ మార్చాలి, లేకపోతే జేబుదొంగలు రెండో రోజుకే పట్టేస్తారు. పది నిమిషాల పని. అన్ని స్టేషన్లలో చేసేవారా అంటే చేసేవారు కాదు, ఇప్పటికీ అంతటా చేస్తున్నారని నేను అనుకోను. అది నాకు బాధ.

బ్రూక్లిన్_శీను:
సార్, మీ రుమాలు న్యూయార్క్‌లో కూడా ఉంది! ఆశ్చర్యంగా ఉంది. ఇక్కడ "ఆ రోజు రంగు" అంటారు. మఫ్తీ పోలీసులు ఆ రోజు చెప్పిన రంగు పట్టీ తలకో చేతికో కట్టుకుంటారు. చిక్కు ఎక్కడంటే, డ్యూటీలో లేనివాడి జేబులో ఆ పట్టీ ఉండదు. పక్క ఊరి పోలీసుకు అసలు రంగే తెలియదు. మీ జాతరలో పక్క జిల్లా వాళ్లకు మీ ముఖం తెలియనట్టే.

దీనికి తలకిందులుగా కూడా జరిగింది. 1994 ఆగస్టులో సబ్‌వే స్టేషన్‌లో డెస్మండ్ రాబిన్సన్ అనే మఫ్తీ పోలీసు డ్యూటీలో ఉండి తుపాకీ తీశాడు. అతన్ని కాల్చింది డ్యూటీ ముగించుకుని ఇంటికి వెళ్తున్న మరో పోలీసు. రాబిన్సన్ నల్లజాతివాడు. అదృష్టం కొద్దీ బతికాడు.

లత_సైకాలజీ:
సీఐ గారు "ఆ తిరగడమే తప్పయింది" అన్నారు చూడండి, ఈ చర్చలో ముఖ్యమైన మాట అదేనని నాకనిపిస్తోంది. ఆ టాస్క్‌ఫోర్స్ నివేదిక కూడా దీని మీదే చాలా రాసింది. వెనక నుంచి కేక వినబడితే మనిషి తల తిప్పుతాడు. తలతో భుజం తిరుగుతుంది, భుజంతో చెయ్యి, చేతిలో తుపాకీ. తిరిగేవాడి మనసులో ఉన్నది "హమ్మయ్య, మనవాళ్లు వచ్చారు" అన్న నిశ్చింత. చూసేవాడికి కనబడేది తన మీదికి తిరుగుతున్న తుపాకీ గొట్టం. ఇద్దరి మధ్య అర సెకను కూడా ఉండదు.

ఇది తెలివి మీద ఆధారపడిన విషయం కాదు కాబట్టి ఉపన్యాసంతో మారదు. "తిరగకూడదు" అని బోర్డు మీద రాస్తే అందరూ రాసుకుంటారు, పరీక్షలో మార్కులు వస్తాయి. వీధిలో మాత్రం తిరుగుతారు. ఒంటికి అలవాటయ్యేదాకా చేయించాలి. గుండె దడదడలాడుతుండగా, చీకట్లో, అరుపుల మధ్య.

జాతి విషయానికి వస్తే, జాషువా కొరెల్ అనే పరిశోధకుడి బృందం 2002లో ఒక వీడియో గేమ్ పరీక్ష ప్రచురించింది. తెర మీద మనుషులు కనబడతారు, కొందరి చేతిలో తుపాకీ, కొందరి చేతిలో ఫోనో పర్సో. కాల్చాలా వద్దా వెంటనే తేల్చాలి. తుపాకీ ఉన్న నల్లవారిని త్వరగా కాల్చారు, తుపాకీ లేని నల్లవారి మీద ఎక్కువ పొరపాట్లు చేశారు. 2007లో డెన్వర్ పోలీసులతో చేసిన పరీక్షలో మాత్రం ఒక ఆశ కనబడింది. పోలీసులకు కూడా ఆలోచనా వేగంలో ఆ తేడా ఉంది, కానీ చివరి నిర్ణయంలో సామాన్య జనం కంటే తప్పులు తక్కువ. శిక్షణ వల్ల ఆ మేలు జరిగి ఉండవచ్చని పరిశోధకులు అన్నారు.

నిజం_వెంకట్:
ప్రతిదానికీ జాతి రంగు పూయడం నాకు నచ్చదు. ఆగమంటే ఆగాలి. చెప్పిన మాట వింటే ఎవరూ కాల్చరు. శిక్షణంతా ఆ ఒక్క వాక్యమే.

బ్రూక్లిన్_శీను:
వెంకట్ గారూ, సెయింట్ లూయిస్‌లో 2017 జూన్‌లో జరిగింది వినండి. మిల్టన్ గ్రీన్ అనే నల్లజాతి పోలీసు డ్యూటీలో లేకుండా తన ఇంటి దగ్గర ఉన్నాడు. పోలీసులు తరుముతున్న కారు అక్కడే ప్రమాదానికి గురైంది. తుపాకీతో బయట ఉన్న అతన్ని తుపాకీ పడేసి నేల మీద పడుకోమన్నారు. పడుకున్నాడు. తెలిసిన డిటెక్టివ్ ఒకరు గుర్తుపట్టి లేచి రమ్మన్నారు. లేచి వస్తుంటే ఇంకొక పోలీసు అప్పుడే వచ్చి కాల్చాడు. చేతికి గుండు తగిలింది. ఇతను ఏ మాట వినలేదో చెప్పండి.

అదే ఊళ్లో ఆ సెప్టెంబరులో నిరసనల్లో మారువేషంలో తిరుగుతున్న లూథర్ హాల్‌ను తోటి పోలీసులే నిరసనకారుడనుకుని చితకబాదారు. 22 ఏళ్ల సర్వీసు ఆయనది. 2021లో నగరం ఆయనకు 50 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

నిజం_వెంకట్:
గ్రీన్ సంగతి నాకు తెలియదు. చదివాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మాట విన్నవాడికి కూడా తగిలిందంటే కొత్తగా వచ్చినవాడికి పాతవాడు సంగతి చెప్పే పద్ధతి లేదన్నమాట. "ఇతను మనవాడు" అని గట్టిగా అరిచి చెప్పే బాధ్యత ఎవరిదో కూడా నేర్పాలి కదా?

రిటైర్డ్_సీఐ:
వెంకట్ గారూ, చాలా మంచి ప్రశ్న వేశారు. నా మీద పడుకున్న హెడ్ కానిస్టేబుల్ చేసింది అదే. గుర్తుపట్టినవాడు ఊరికే పిలవకూడదు. వచ్చేవాళ్లకు వినబడేలా కేక వేస్తూ, వాళ్లకూ అతనికీ మధ్య తాను నిలబడాలి. అప్పటిదాకా అతన్ని లేవనివ్వకూడదు.

లూథర్ హాల్ సంగతి చదివాక నా జబ్బ మళ్లీ నొప్పి పుట్టినట్టయింది. కాకపోతే ఒక తేడా చెప్పాలి. దొంగ అనుకున్నా సరే, నేల మీద పడి చేతులెత్తిన మనిషిని కొట్టడం ఏ శిక్షణలోనూ లేదు. అక్కడ ఇద్దరు పోలీసుల మధ్య జరిగిన పొరపాటు కంటే పెద్ద తప్పు ఉంది. హాల్ స్థానంలో మామూలు మనిషి ఉంటే ఆ కేసు బయటికి వచ్చేదా అని ఆలోచిస్తున్నాను.

మఫ్తీ_కానిస్టేబుల్:
నేను సర్వీసులో ఉన్న మహిళా కానిస్టేబుల్‌ని, ఊరు చెప్పను. 2014లో హైదరాబాద్‌లో షీ టీమ్స్ వచ్చినప్పటి నుంచి ఆడవాళ్లం మఫ్తీలో పనిచేయడం బాగా పెరిగింది. బస్టాండులో ఒక పోకిరీ కాలర్ పట్టుకుంటే, చుట్టూ ఉన్న జనం, ఒక్కోసారి అక్కడి హోంగార్డు కూడా, నన్నే తోసేస్తారు. తుపాకీ ఉండదు కాబట్టి ప్రాణాల మీదికి రాదు. ఐడీ కార్డు మాత్రం ఇప్పుడు హ్యాండ్‌బ్యాగులో పెట్టను. మెడలో వేసుకుని దుపట్టా కింద ఉంచుతాను, ఒక్క లాగుతో బయటికి వస్తుంది. జిప్ తీసి వెతికే టైం ఎవరూ ఇవ్వరు.

చారి_హౌస్టన్:
ఇంకో రకం ఉంది, దాన్ని దీంతో కలపకూడదు. 2019 ఫిబ్రవరిలో న్యూయార్క్ క్వీన్స్‌లో ఒక మొబైల్ షాపు దోపిడీ. దొంగ చేతిలో ఉన్నది ఉత్తుత్తి తుపాకీ. ఏడుగురు పోలీసులు కొన్ని సెకన్లలో 42 రౌండ్లు కాల్చారు. డిటెక్టివ్ బ్రయన్ సిమన్సెన్ చనిపోయాడు, ఒక సార్జంట్ కాలికి తగిలింది. అదే ఏడాది సెప్టెంబరులో బ్రాంక్స్‌లో బ్రయన్ మల్కీన్ కూడా తోటివాళ్ల గుండ్లకే పోయాడు. వీళ్లను ఎవరూ దొంగలనుకోలేదు. గుండ్లు వెళ్లే దారిలో ఉన్నారు, అంతే. ఒకడు కాలిస్తే పక్కవాడి వేలు కూడా ట్రిగ్గర్ మీద బిగుసుకుంటుంది.

ఇక్కడ నేర్పాల్సింది వేరు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూసుకోవడం, ఎదురెదురుగా నిలబడకపోవడం, రెండు గుండ్లయ్యాక ఆగి చూడడం. ముఖాలు గుర్తుపట్టడం నేర్పినంత మాత్రాన సిమన్సెన్ బతికేవాడు కాదు.

లత_సైకాలజీ:
చారిగారు చెప్పింది నిజం. ఇంకొక మాట. శిక్షణ అంటే నిజమైన తుపాకులతో నాటకం అనుకుంటే ఇంకో ప్రమాదం. 2016 ఆగస్టులో ఫ్లోరిడాలోని పుంటా గోర్డాలో పౌరులకు పోలీసు పని చూపించే కార్యక్రమంలో "కాల్చాలా, వద్దా" ప్రదర్శన చేస్తూ 73 ఏళ్ల రిటైర్డ్ లైబ్రేరియన్‌ను నిజం గుండుతో చంపేశారు. 2013లో బాల్టిమోర్ పోలీసుల శిక్షణలో రంగు గుళ్ల తుపాకీ బదులు అసలు తుపాకీ పేలి ఒక ట్రెయినీ తలకు తగిలింది. శిక్షణ గదిలోకి అసలు గుండు ఒక్కటి కూడా రాకుండా, సంబంధం లేని మనిషి తలుపు దగ్గర నిలబడి ప్రతి ఒక్కరినీ తడిమి చూడాలి. ఇన్‌స్ట్రక్టర్‌ను కూడా.

బ్రూక్లిన్_శీను:
సుభద్రక్కా, మీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేదు. న్యూయార్క్ పోలీసు నిబంధనల్లో ఇద్దరికీ బాధ్యతలు రాసి ఉన్నాయి. ఆపేవాడు ముందు చాటు చూసుకోవాలి, అక్కడి నుంచి "పోలీస్, కదలొద్దు" అనాలి. చాటున ఉంటే భయం తగ్గుతుంది, భయం తగ్గితే ఒక క్షణం ఆగి చూడగలడు. ఆపబడినవాడు కదలకూడదు, పారిపోయే దొంగ తప్పించుకున్నా సరే. ఒళ్లు తిప్పకూడదు. చెప్పినట్టు చేయాలి. తను పోలీసునని, గుర్తింపు కార్డు ఏ జేబులో ఉందో నోటితో చెప్పాలి, చెయ్యి పెట్టి తీయకూడదు.

"దొంగ తప్పించుకున్నా సరే" అన్న ముక్క నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపిస్తుంది. పోలీసుకు ఒంటబట్టిన దానికి అది పూర్తిగా వ్యతిరేకం.

సుభద్ర_ఎడిసన్:
మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. రెండు రోజులుగా ఈ జవాబులన్నీ మా ఆయనకు చదివి వినిపిస్తున్నాను.

నిన్న అబ్బాయి వచ్చినప్పుడు అడిగాను. అకాడమీలో ఇది ఒక పూట చెప్పారట, సిమ్యులేటర్ గదిలో ఒకసారి చేయించారట. ఒక్కసారే. ఇంకోసారి చేద్దామా అన్నాను, నవ్వాడు. గరాజ్‌లో దీపం ఆర్పి, వాడి చేతికి టార్చిలైటు ఇచ్చి అటు తిరిగి పరుగెత్తమన్నాం. మా ఆయన వెనక నుంచి గట్టిగా "పోలీస్, డోంట్ మూవ్" అన్నారు. టార్చి వెలుగు సరాసరి మా ఆయన ఛాతీ మీద పడింది. ముగ్గురం ఒక నిమిషం మాట్లాడలేదు. వాడి నవ్వు పోయింది. రెండోసారి కూడా తల తిరిగింది, చెయ్యి మాత్రం ఆపుకున్నాడు. తొమ్మిదోసారికి గాని కదలకుండా నిలబడలేకపోయాడు. అదీ తను ఊహించిన కేకకు. ఊహించని కేకకు ఏం చేస్తాడో నాకు తెలియదు.

రిటైర్డ్_సీఐ:
అమ్మా, మీరు చేసింది చాలామంది అధికారులు చేయని పని. రెండు ప్రశ్నలు అబ్బాయిని అడగమనండి. ఒకటి, ఉద్యోగంలో చేరాక ఈ అభ్యాసం ఏడాదికి ఎన్నిసార్లు ఉంటుంది? రెండు, పక్క టౌన్‌షిప్‌ల పోలీసులతో కలిపి చేయిస్తారా? రిడ్లీని కాల్చింది పక్కవాళ్లే, నన్ను కొట్టిందీ పక్కవాళ్లే. సొంత స్టేషన్ వాళ్లు ముఖం చూసి ఆగుతారు.

సుభద్ర_ఎడిసన్:
మొదటిదానికి వాడికి తెలిసినంతవరకు ఏడాదికి ఒకసారి, అదీ ఫైరింగ్ రేంజ్ రోజున కాసేపు. రెండోది వాడికీ తెలియదట సార్. చేరిన మొదటి వారంలోనే సార్జంట్‌ను అడుగుతానన్నాడు. జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.